పాత చెవులు

కూతురి ముఖం మరిచిపోతున్నానని వెనూస్టా రాళ్లు చెక్కే మా కొట్టు ముందు కూర్చుని ఏడ్చింది. రోము నగరపు ఓస్టియా రేవులో వేయించిన చేపలమ్ముకునే మనిషి. కూతురు ఫ్లోరెంటీనా జ్వరమొచ్చి పోయింది. పోయినవాళ్లకు పెట్టే పండుగ నాటికి సమాధి మీద ఆ పిల్ల తల పాలరాతిలో ఉండాలి, దాన్ని చూసుకుని బతకాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

కొత్త పాలరాయి మాబోటివాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? మా ఆయన యూటికస్ సున్నపు బట్టీ దగ్గర కాల్చడానికి పోసిన పాతరాళ్ల గుట్టలోంచి ఒక ఆడపిల్ల తల ఏరుకొచ్చాడు. పాడుబడ్డ ఏ సమాధిదో. పాత ముఖం చెక్కేసి కొత్త ముఖం తీయడం మా ఊరి శిల్పులందరూ చేసే పనే. చెక్కేకొద్దీ తల చిన్నదవుతుంది, చెవులు మాత్రం పాతవే మిగిలిపోతాయి. వాటిమీద గచ్చుతో జుట్టు దిద్ది కప్పేస్తారు.

చెవుల మీదికి జుట్టు దిద్దుతానంటే వెనూస్టా ఒప్పుకోలేదు.

"నా పిల్ల జుట్టంతా పైకి లాగి ముడేసుకునేదన్నా. పొయ్యి దగ్గర పని కదా!"

"చెవులు కనపడతాయమ్మా."

"కనపడనీ! మనిషన్నాక చెవులుండవా?"

మా ఆయన తలూపి ఊరుకున్నాడు. అసలు సంగతి చెప్పనే లేదు.

పండుగ ముందురోజు ఆమె వచ్చి ఆ రాతి నుదురు, ముక్కు తడిమి పకపకా నవ్వింది. "అదే మూతి! అలిగితే ఇలాగే పెట్టేది." అంతలో చెయ్యి చెవి దగ్గర ఆగిపోయింది.

"ఇవి నా పిల్లవి కావు. రోజూ నూనె రాసినదాన్ని, నాకు తెలీదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ముందే చెప్పడానికి నోరు పడిపోయిందా నీకు?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన దోషిలా గచ్చు గిన్నె అందుకున్నాడు. "ఇవి పాత తల చెవులమ్మా. ఇప్పుడే కప్పేస్తాను."

"ఆగన్నా. ఈ చెవుల పిల్లెవరు?"

"తెలీదు. పేరున్న పలక ఎప్పుడో పోయింది. నేను తేకపోతే ఈపాటికి సున్నమయ్యేది."

"వాళ్లమ్మ?"

"ఎన్ని తరాల కిందటి మాటో. ఆ పిల్లకు పెట్టేవాళ్లెవరూ మిగల్లేదు."

వెనూస్టా గచ్చు గిన్నె పక్కకు నెట్టింది. "కప్పొద్దు," అంది.

పండుగనాడు మేమూ ఆమె వెంట సమాధి దగ్గరికి వెళ్లాం. ద్రాక్షసారాలో నానేసిన రొట్టె, గుప్పెడు ఊదాపూలు రాతితల ముందు పెట్టింది. తరవాత ఇంకో రొట్టె ముక్క తీసి పక్కన పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె వంగి ఆ పాత చెవిలో మెల్లగా అంది.

"వినపడుతోందా తల్లీ? నీ పేరు నాకు తెలీదు. మొహమాటపడకుండా తిను. అమ్మ వచ్చిందని మా పిల్లకు కూడా చెప్పు."