ఇంజిన్ మీద బియ్యప్పిండి

సోమవారం పొద్దున్న రెక్కర్స్ వాళ్ళ లారీ వచ్చి బండిని ఎత్తుకుపోతుందని ఆశాజ్యోతి శుక్రవారం అన్నం వడ్డిస్తూ చెప్పింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది, వాటితోపాటు ఈ మాటా వేసింది. రవిచంద్ర కలిపిన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. రెక్కర్స్ అంటే పాత కార్లను పట్టుకుపోయి, పనికొచ్చే ముక్కలు ఊడదీసుకుని, మిగిలినదాన్ని తుక్కు కింద నొక్కేసేవాళ్ళు.

"నన్ను అడక్కుండానే ఫోన్ చేసేశావా?" అన్నాడు.

"మిమ్మల్ని అడిగితే ఇంకో రెండేళ్ళు పడుతుంది. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే వారంట్ ఫెయిలైందండీ. సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ కారుతోంది, ఎప్పుడో అంటుకుంటుందని ఆ టెస్టింగ్ అతను మొహమ్మీదే చెప్పాడు కదా! అలాంటి బండి పిల్ల చేతికిచ్చి యూనివర్సిటీకి పంపిద్దామంటారు. మీకు బండి కావాలా, పిల్ల కావాలా?"

ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పి బతికిన మొగుడు ఆక్లాండ్‌లోనే కాదు, కాకినాడలోనూ లేడు. రవిచంద్ర ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, అప్పుడు బేరానికి దిగాడు. ఆదివారం సాయంత్రానికి చుక్క ఆయిల్ కారకుండా చేస్తే బండి ఉంటుంది, కావ్యశ్రీ నడుపుకుంటుంది. చేయలేకపోతే అతనే స్వయంగా లారీ అతని చేతికి తాళాలిస్తాడు. ఆశాజ్యోతి సరేనంది. అతని వల్ల కాదని ఆవిడకి గట్టి నమ్మకం.

ఆ స్టేషన్ వ్యాగన్ జపాన్‌లో ఎవరో వాడుకుని వదిలేస్తే ఓడెక్కి న్యూజిలాండ్ వచ్చింది. ఆశాజ్యోతి నిండు నెలలతో ఉన్నప్పుడు కొన్నారు. కాన్పుకి ఆమె తల్లి రావాల్సింది, వీసా రాలేదు. బదులుగా రవిచంద్ర తల్లి కామేశ్వరమ్మ కాకినాడ నుంచి దిగింది. తాళం తిప్పగానే ఆ బండి జపాన్ భాషలో ఆడగొంతుతో ఏదో పలకరించేది. దాని నోరు ఎలా మూయించాలో ఎవరికీ తెలియలేదు. కామేశ్వరమ్మ మర్యాద తెలిసిన మనిషి. "ఆఁ, బాగానే ఉన్నామమ్మా" అని రోజూ జవాబు చెప్పేది. ముందు సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని, దాని మీంచే బెల్టు పెట్టించుకునేది. శాండ్రింగ్‌హామ్‌లో సరుకుల కొట్టుకి వెళ్తుంటే దారి పొడవునా కొడుక్కి డ్రైవింగ్ నేర్పేది. ఆవిడ జన్మలో సైకిల్ కూడా తొక్కి ఎరగదు.

బండి కొన్న వారానికే ఆవిడ పూజ పెట్టించింది. కొబ్బరికాయ కొట్టడానికి రాయి దొరక్క బండి వెనకనున్న టో బార్ అనే ఇనప కొక్కెం మీద కొట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తుంటే పక్కింటి కివీ పెద్దాయన చూశాడు. అయ్యో, కాయలు పొరపాటున నలిగిపోయాయనుకుని తన చెట్టువి సంచెడు కోసి తెచ్చిచ్చాడు. ఆ నెలంతా ఇంట్లో పులిహోరే. ఇంతా చేసి తోరం దగ్గర పేచీ పెట్టింది. అందరూ స్టీరింగ్‌కి కడతారమ్మా అంటే వినలేదు.

"చక్రం తిప్పేది నువ్వు. బండిని నడిపించేది ఆ లోపలుండే యంత్రంరా. కడితే దానికే కట్టాలి" అంటూ బానెట్ ఎత్తించింది. ఇంజిన్ నెత్తిన ఆయిల్ పోసే చోట పొట్టి మెడలాంటిది ఉంటుంది, దాని మీద మరమూత. ఆ మూత తీయించి, మెడ చుట్టూ పసుపు తోరం తిప్పి ముడివేసింది. ఆ మర్నాటి సాయంత్రమే ఆశాజ్యోతిని అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు రోజుల తర్వాత కావ్యశ్రీ ఆ బండిలోనే నాయనమ్మ ఒళ్ళో ఇంటికొచ్చింది.

కామేశ్వరమ్మ ఆర్నెల్లుండి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కరోనా వచ్చిన ఏడాది కాకినాడలో పోయింది. అప్పటికి ఈ దేశం తలుపులు వేసుకుంది. వెళ్తే మళ్ళీ ఎప్పటికి రానిస్తారో తెలియదు, ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. అంత్యక్రియలు రవిచంద్ర ఫోన్‌లో చూశాడు. చూసి, స్నానం చేసి, మర్నాడు ఆఫీసు మీటింగ్‌లో కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడవడం కుదరలేదంటే సరిగ్గా ఉంటుంది. ఆ తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎత్తొద్దని ఎవరూ అనలేదు, అయినా ఎవరూ ఎత్తలేదు. ఎప్పుడైనా ఒక్కడే బండి నడుపుతుంటే మాత్రం ఎడమ పక్కన ఖాళీ సీటు వైపు చూసుకునేవాడు. ఆ సీటు ఉన్నంతకాలం ఆవిడ ఎక్కడో ఉన్నట్టే అనిపించేది. తుక్కులో పోయేది ఆ సీటు అని ఆశాజ్యోతికి అతను చెప్పలేదు. చెప్పడం అతనికి చేతకాదు.

శనివారం పొద్దున్నే ఓవరాల్ తొడుక్కుని డ్రైవ్‌వేలోకి వచ్చాడు. నిజానికి అంతకుముందు వారమే ఓసారి రిపేరు అయింది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయిల్ కారుతోందని పెడితే, ఇంజిన్ ముఖం చూసినవాళ్ళు ఒక్కరూ లేకపోయినా, అందరూ ముక్తకంఠంతో గాస్కెట్ అన్నారు. ఇంజిన్ పైకప్పు కింద ఉండే రబ్బరు పట్టీ అది. రవిచంద్ర రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని కొత్తది వేశాడు. మర్నాడు చూస్తే బండి కింద పరిచిన అట్టముక్క మీద మళ్ళీ నల్లటి మరక.

"నాన్నా, లీక్ ఎక్కడుందో నువ్వు చూడనే లేదు. జస్ట్ గెస్ చేశావ్" అంది కావ్యశ్రీ కాఫీ కప్పుతో బయటికి వచ్చి. మొన్ననే ఒక్కతే నడపడానికి లైసెన్సు తెచ్చుకున్న పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం మాత్రం సగం ఇంగ్లీషులోనే. "ఫస్ట్ క్లీన్ చేయాలి. తర్వాత పౌడర్ వేసి రన్ చేస్తే ఆయిల్ ఎక్కడ స్టార్ట్ అవుతుందో కనిపిస్తుంది. వీడియోలో చూశా. బేబీ పౌడర్ ఉందా?"

"నీకు పదిహేడేళ్ళే! ఇంట్లో బేబీ పౌడర్ ఎందుకుంటుంది?" అని కిటికీలోంచి ఆశాజ్యోతి అరిచింది. అరిచినావిడే కాసేపటికి బియ్యప్పిండి డబ్బా, జల్లెడ తెచ్చి మెట్టు మీద పెట్టింది. "ఉన్నదిదే. అంతా వాడేయకండి, రేపు చెక్కలు వండాలి."

తండ్రీ కూతుళ్ళు ఇంజిన్‌కి తలంటు పోశారు. జిడ్డు వదిలించే మందు కొట్టి, బ్రష్షుతో రుద్ది, వైర్లున్న చోట ప్లాస్టిక్ సంచులు కట్టి, కాసిని నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండకి ఆరబెట్టారు. వసంతపు ఎండ, ఉండీ లేనట్టుండే ఎండ. మధ్యలో ఓ జల్లు పడితే బానెట్ మూసి మళ్ళీ ఎత్తారు. అంతా పొడిగా అయ్యాక కావ్యశ్రీ జల్లెడ పట్టుకుని ఇంజిన్ మీద, పక్కల, కింద, సన్నగా బియ్యప్పిండి రాల్చింది. ఇంజిన్ తెల్లగా పెళ్ళికొడుకులా తయారైంది.

"స్టార్ట్ చెయ్" అన్నాడు రవిచంద్ర.

బండి చాలాసేపు నిలబడిన చోటే తిరిగింది. తర్వాత ఆపి, ఇద్దరూ ఫోన్ లైట్లు వేసుకుని లోపలికి తలలు దూర్చారు. కొత్తగా వేసిన గాస్కెట్ అంచంతా పొడిగా, తెల్లగా ఉంది. అంటే అతని శ్రమ వృథా కాలేదు, అవసరం మాత్రం లేకపోయింది. సైలెన్సర్ గొట్టం దగ్గర పిండి తడిసి గోధుమరంగు తిరిగింది. అక్కడి నుంచి తడి ఓ సన్నటి దారిలా పైకి కనిపించింది.

"ఆయిల్ కిందికే కదా జారుతుంది" అన్నాడు రవిచంద్ర. "తడి అన్నిటికంటే పైన ఎక్కడుందో చూడు. మొదలు అదే."

కావ్యశ్రీ వేలితో ఆ దారి పట్టుకుని పైకి వెళ్ళింది. పైకప్పు వెనక వాలు, దాని పైన ఆయిల్ పోసే మెడ, ఆ మెడ మీది మూత. వేలు అక్కడ ఆగింది. మూత తిప్పి తీసింది. మెడ చుట్టూ తోరాలు. ఒకదాని మీద ఒకటి, నల్లగా, ఆయిల్లో నానిపోయి, లావుగా. అన్నిటికంటే పైన ఉన్నది మాత్రమే ఇంకా కాస్త పసుపుగా ఉంది. అది మొన్న దసరాకి రవిచంద్ర కట్టింది. అంతకుముందు దసరాకి కట్టింది దాని కిందే. అలా ఏటా ఒకటి. కట్టిన తోరం తెంపకూడదు కాబట్టి పాతవన్నీ అలాగే ఉన్నాయి. గాస్కెట్ మార్చినప్పుడు కూడా ఈ తోరాలతో సహా పైకప్పు ఊడదీసి, మళ్ళీ ఈ తోరాలతో సహానే బిగించాడు. అవి ఇంజిన్లో భాగమైపోయాయి అతనికి, కంటికి ఆనలేదు.

"నాన్నా, ఇవి ఉంటే క్యాప్ పూర్తిగా కూర్చోవట్లేదు. లుక్. సీల్ కిందకి దారాలు వెళ్ళిపోయాయి." కావ్యశ్రీ ఓ పోగు లాగి చూపించింది. ఒక కొస మెడ లోపలికి దూరి ఉంది, ఇంకో కొస బయటికి వేలాడుతోంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ పోగు లోపలి ఆయిల్‌ను పీల్చి బయటికి కారుస్తోంది. రవిచంద్రకి నవ్వొచ్చింది. బండి బాగుండాలని ఏటేటా తన చేత్తోనే ఓ కొత్త వత్తి వేశాడు!

కత్తెర తెచ్చి తను కట్టినవన్నీ ఒక్కొక్కటే కోశాడు. అంత కష్టం అనిపించలేదు. అన్నీ పోయాక అన్నిటికంటే లోపల ఒకటి మిగిలింది. లావుపాటిది, పేట మీద పేట వేసి పేనింది. తర్వాత కట్టినవన్నీ తోసుకుంటూ రావడంతో అది మెడ అంచు మీదికి ఎక్కి, మూత బిగువుకి చదునుగా అణిగిపోయింది. దాన్ని ఉంచే మూత బిగించి, పిండి మళ్ళీ చల్లి, బండి తిప్పి చూశారు. మూత చుట్టూ పిండి తడిసింది.

"అదీ తీసేయాలి" అంది కావ్యశ్రీ.

రవిచంద్ర కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ చెయ్యి ముందుకు వెళ్ళలేదు. కిటికీలోంచి చూస్తున్న ఆశాజ్యోతి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వచ్చి లోపలికి చూసింది. ఆ తోరం ఎవరు కట్టారో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆవేళ హారతి పళ్ళెం పట్టుకుని, నిండు పొట్టతో పక్కనే నిలబడింది తనే. పురిటి మంచం మీద తన తల పట్టుకుని, తల్లి లేని లోటు తెలియకుండా పథ్యం పెట్టినవి ఆ తోరం కట్టిన చేతులే.

"ఆగండి" అంది. "అది అత్తయ్యగారు కట్టింది. కోయకండి."

"కోయకపోతే కారుతుంది. సోమవారం లారీ వస్తుంది."

"వస్తే రానివ్వండి. ఆ తోరం ఉన్న ముక్క విప్పించి ఇంట్లో పెట్టుకుందాం. కారు పోతే పోయింది."

నిన్నటి నుంచీ బండి పోవాలని కాచుక్కూచున్న మనిషి నోట ఈ మాట విని రవిచంద్ర ఆమె వైపు చూశాడు. ఎంత కాలానికి ఇంట్లో అమ్మ మాట వినిపించిందో అతనికి అప్పుడు తెలిసింది. "బండి నడవాలనే కట్టింది ఆశా. దీనివల్లే ఆగిపోయిందని తెలిస్తే నన్ను తిట్టిపోస్తుంది" అన్నాడు. అన్నాడే గానీ చెయ్యి కదలలేదు.

"కట్ చేయక్కర్లేదు. విప్పుదాం" అంది కావ్యశ్రీ.

"అమ్మ ముడి వేస్తే రాదే. అటక మీద సామాను మూటలు విప్పడానికి మా నాన్న పళ్ళూడిపోయేవి."

కావ్యశ్రీ వినకుండా వంగి ముడి పట్టుకుంది. రెండు గోళ్ళతో పట్టి మెల్లగా లాగింది. ఇన్నేళ్ళూ ఆయిల్లో నానిన ముడి, మెత్తగా, ఏ పట్టూ లేకుండా విడిపోయింది. ఏదో అడిగితే ఇచ్చేసినట్టు వచ్చేసింది. పిల్ల దాన్ని మెడ నుంచి తప్పించి తండ్రి అరచేతిలో పెట్టింది.

రవిచంద్ర దాన్ని ఎడమచేతిలో ఉంచుకుని కుడిచేత్తో మెడ అంచు తుడిచాడు. మూత పెట్టి తిప్పాడు. మూత దిగాల్సినంతా దిగి గట్టిగా కూర్చుంది. పిండి చల్లారు, బండి తిప్పారు. ఈసారి వీధి చివరిదాకా నడిపి తీసుకొచ్చింది కావ్యశ్రీ. లైట్లు వేసి చూస్తే మూత చుట్టూ, వాలు మీద, గొట్టం దాకా పిండి తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. ఆశాజ్యోతి అక్కడే నిలబడి రెక్కర్స్ వాళ్ళకి ఫోన్ చేసి లారీ అక్కర్లేదని చెప్పింది. కావ్యశ్రీ తాళాలు పైకి ఎగరేసి పట్టుకుంది.

"నాన్నా, ఆ దారం ఏం చేద్దాం? బిన్‌లో వేయొచ్చా?"

రవిచంద్ర అరచెయ్యి తెరిచి చూశాడు. నల్లటి దారం, ముడి వేసిన చోట ఇంకా వంకర తిరిగే ఉంది. ఆ వంకరలో తల్లి వేళ్ళు ఎటు తిప్పాయో, ఎటు లాగాయో కనిపిస్తూనే ఉంది. ముడి మాత్రం లేదు.

"అమ్మ పోయిందే ఆశా" అన్నాడు.

ఎప్పుడో వచ్చిన కబురు, ఇవాళే ఫోన్ వచ్చినట్టు అన్నాడు. బండి ముందు అంచు మీద రెండు చేతులూ ఆనించి, పిల్ల చూస్తోందని కూడా లేకుండా భోరుమన్నాడు. ఆశాజ్యోతి పిండి అంటిన అతని వీపు మీద చెయ్యి వేసింది.

"అవునండీ" అంది. "పోయారు."