కత్తి ఉండాల్సిన చోటు

అదిగో నా కూతురు వెలిగించేసింది, మూకుడు పెట్టాకే వెలిగించింది, పొయ్యి చల్లగా ఉండగానే మూకుడు నడిమధ్యకి వచ్చిందో లేదో వేళ్ళతో చుట్టూ తడిమి చూసుకుని అప్పుడు తిప్పింది మీట, ఇన్నేళ్ళుగా వండుతున్నాను నాకెప్పుడూ ఈ బుద్ధి పుట్టలేదు, కుర్తా చేతులు మోచేతుల దాకా మడుచుకుంది కదా నా తల్లి, మడుచుకుంది, అయినా మంటకి కూతురని కోడలని తెలుస్తుందా, కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, నేను కీడు దగ్గరే ఆగిపోయే మనిషిని, కుర్చీలోంచి సగం లేచాను, కూర్చోండమ్మా, మీ కుర్చీ కిర్రుమంటోంది అంది చూపులేని వాళ్ళకి వంట నేర్పే ఈ బడి టీచరు, ఆవిడకీ చూపు లేదు, అవతల బల్ల దగ్గర చిలగడదుంపల చెక్కు తీస్తూ ఇటు తిరగకుండానే అంది, నా కూతురు కిసుక్కున నవ్వి, మా అమ్మ కూర్చోవడం కూడా కంగారుగానే కూర్చుంటుంది టీచర్ అంది, నవ్వవే, నవ్వు, పందెం వేసింది నేనే మరి, పోయినేడు జబ్బుచేసి చూపు పోయాక మంచినీళ్ళు కూడా నేనే అందించిన పిల్ల, ఫోన్లు మాట్లాడే ఉద్యోగం తెచ్చుకుని, ఆఫీసు పక్కనే స్నేహితురాలితో కలిసి గది తీసుకుంటానంటే, నా ముందు ఒక్కదానివే పూటకి సరిపడా వండి చూపించు, నేను నోరు మెదపను, కాలినా తెగినా ఇక గది మాటెత్తకు అన్నాను, ఎలాగూ ఓడిపోతుందనే అన్నాను, కానీ ఇదేమిటి, చెక్క గరిటె కొస నూనెలో ముంచి, పిడి పట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా నిలబడింది, బుడగలు తగిలి గరిటె సన్నగా అదురుతుందట, కాగింది అంది, నిజంగానే కాగింది, ఉల్లిపాయ ముక్కలు చుయ్యిమన్నాయి, నా ఒళ్ళంతా గాల్లో తేలిపోయింది, ఇది నా కూతురు అని ఎవరికైనా చెప్పాలి, ఎవరికి చెప్పను, అమ్మో బల్ల మీద ఆ కత్తి, అంత దగ్గరగానా, చెయ్యి విసురుగా తగిలితే, మెల్లగా లేచి, ఈసారి కుర్చీ చప్పుడు కాకుండా లేచి, కత్తి తీసి సింకు పక్కన పెట్టి వచ్చాను, నోరైతే మెదపలేదుగా.

బంగాళాదుంప తరగబోయి దాని చెయ్యి కూరలు తరిగే పలక కుడిపక్కకి వెళ్ళింది, లేదు, ఇంకాస్త కుడికి, లేదు, ఇంకాస్త, అటుపక్క మూకుడు, మంట, అరవబోయాను, వేడి తగిలి కాబోలు చెయ్యి అక్కడే ఆగింది, వెనక్కి వచ్చింది, ముందు మీట తిప్పి మంట ఆర్పింది, అమ్మా, కత్తి ఎక్కడ పెట్టావు అంది, నువ్వు తీశావా అని కూడా అడగలేదు, టీచరు చేతిలో చెక్కు తీసే చప్పుడు ఆగిపోయింది, సింకు పక్కన అన్నాను, తిడుతుందనుకున్నాను, తిట్టలేదు, వెళ్ళి తడిమి తెచ్చుకుని, పలకకి కుడిపక్కన మొన అవతలికి పెట్టుకుని, ఇక్కడ ఏదీ తనంతట తాను కదలదమ్మా, అందుకే నాకు భయం లేదు అంది, అంతే, మళ్ళీ వెలిగించింది.

ఇప్పుడు వేళ్ళు పిల్లి పంజాలా లోపలికి ముడిచి టకటకా తరుగుతోంది, తరిగి మూకుట్లో వేసింది, ముక్కలు వేగే చప్పుడు మారింది, పచ్చిదనం పోయిన చప్పుడట, నాకూ తెలిసింది, చూడకుండానే తెలిసింది, అప్పుడు గుడ్డు వేరే గిన్నెలో కొట్టి వాసన చూసి మరీ పోసింది, గదంతా కమ్మటి వాసన, నాకు ఆకలేసింది, భయమేస్తున్నప్పుడు నాకెప్పుడూ ఆకలి వేయదు, అంటే భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు, ముందు నీకు పెడుతున్నానమ్మా, వేడిగా ఉంది, నోరు కాల్చుకోకు అంటోంది నాతో, పళ్ళెం నా చేతికందే చోట పెట్టింది, సరే, ఆ గది తీసుకోనీ, నేను వెళతాను, వెళ్ళి ఇలాగే కుర్చీలో కూర్చుంటాను, పెట్టింది తింటాను, ఆ వంటగది దానిది, అక్కడ నేను చుట్టాన్ని.