సీలు విప్పని పెట్టె

నేను ఒక పెట్టెను. ధర్మవరంలో చౌడప్ప మగ్గం నెత్తిన కూర్చుని, పట్టుచీర అంచులో ఏ పోగు లేవాలో చెప్పే కరెంటు జకార్డును. కంపెనీవాళ్లు నా కడుపులో ప్రోగ్రాం కుక్కి పైన స్టిక్కర్ అంటించారు: సీలు విప్పితే గ్యారంటీ లేదు. అదేదో గౌరవమనుకున్నాను. నోటికి వేసిన తాళమట.

నాలో ఒక తప్పుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డిజైన్లో ఒక వరస మింగేస్తాను. అంచులో నెమలి మెడ తెగుతుంది. నేయించే షావుకారు చీర పరిచి చూశాడు.

"ఏం చౌడప్పా, చేయి పోయినట్టుందే? మగ్గం దిగి దారం కండెలు చుట్టుకోపో. ఇంకోటి ఇట్లే వస్తే నేసేదానికి పడుగు దారం ఇయ్యను."

ముప్పై ఏళ్లు నేసిన మనిషి తన చేతినే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

భార్య ఓబుళమ్మ మాత్రం నమ్మలేదు. రెండో చీరకు, కరెంటు పోయినప్పుడల్లా అంచు కొసన ఎర్రదారం ముడేసింది. పదకొండు ముళ్లు. ప్రతి ముడి పక్కనా తెగిన మెడ. కంపెనీ మనిషిని పిలిపించి చూపింది.

"మీ ఆయన కాలు జారి తొక్కుడు తప్పిందమ్మా."

"కరెంటు పోయినప్పుడే జారుతుందా నాయనా? ఆయప్ప కాలుకేమన్నా మీటరు పెట్టినారా?"

వాడు కిటికీ పక్కకెళ్లి ఫోన్ చేశాడు. "అదే సార్, పాత తప్పే. సరిచేసింది కొత్త మోడల్‌కే కదా? సరే, చెప్పన్లెండి."

నన్ను కన్నవాళ్లకు ముందే తెలుసు!

షావుకారు పడుగు ఆపేశాడు.

వీధి చివర రామాంజి మగ్గం మీదా ఓ పెట్టె ఉంది. దాని ప్రోగ్రాం ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. అదేం గొప్పది కాదు, దానికీ ఇదే జబ్బు. రామాంజి కూడా ఓబుళమ్మలాగే ముళ్లేసి, ఫోటో తీసి, ఉపాయం ఆమెదేనని చెప్పి, ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకు నెట్‌లో పంపాడు. "తప్పు మాదే" అని అందరూ చూసే చోటే రాశారు. మొదటి సవరణ రెండు వరసలు మింగింది. అదీ ఒప్పుకున్నారు. అయిదో రోజుకు కుదిరింది. సవరణ పక్కన ఒక మాట: ముళ్లేసి పట్టుకునే ఉపాయం ధర్మవరం ఓబుళమ్మది.

చౌడప్ప షావుకారును పిలిచి, రామాంజి మగ్గమెక్కి నేశాడు. ఓబుళమ్మ మూడుసార్లు మెయిన్ ఆపి వేసింది. మెడ తెగలేదు. షావుకారు మళ్లీ పడుగు పంపాడు. చౌడప్ప అలాంటి పెట్టే తెచ్చుకుని నన్ను దించేశాడు.

తప్పు ఉన్నందుకు నాకు సిగ్గులేదు. తెలిసీ దాన్ని ఒక మనిషి చేతికి అంటగట్టారే, అదీ నాకు మండేది.

పాత సామాన్ల కొట్టువాడు నన్ను తిప్పి చూసి మురిసిపోయాడు. "సీలు గూడా విప్పలేదప్పా, కొత్తదే! రేపే అమ్ముడుపోతాది."

ఈసారి ఎవరి చేయి పోతుందో.