మూల మీది మక్కచేను

ఆ కాగితాన్ని హేమ్లి పొద్దున్నుంచి మూడు చోట్ల దాచింది. మొదట బియ్యం డబ్బా మూత కింద పెట్టింది. చాంది ఎసట్లోకి బియ్యం తీసేటప్పుడు పడేస్తుందని భయమేసి దేవుడి గూట్లో పెట్టింది. దీపం నూనె అంటుతుందని అక్కణ్ణుంచీ తీసి, మడిచి కొంగున ముడేసుకుంది. ముడేసుకున్నాక కూడా చేయి ఊరుకోలేదు, మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది.

"గా కాగితం గుడ్డు పెడుతదా అమ్మా? కోడిపెట్ట లెక్క తిప్పుతున్నవ్," అంది చాంది.

"పెడితే నీకే. ఎసరు చూడు."

హేమ్లి సర్పంచ్ అయి ఏడాదయింది. సీటు ఆడవాళ్ళకు వచ్చిందని మొగుడు హీరాలాల్ నామినేషన్ వేయించాడు, తండా గెలిపించింది. ఆ తర్వాత చాలా రోజులు అతను చూపించిన చోటల్లా సంతకం పెట్టడమే ఆమె పని. ఈ ఒక్క పని మాత్రం ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకుంది. దానికి కారణం ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. చాంది అయిదు పాసైంది. సోమవారం నుంచి ఆరో తరగతి. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది, ఆ ఊరి సర్పంచ్ హాతీరాం. అక్కడికి పోవాలంటే నాలుగు రోడ్ల కూడలి దాటాలి. అటు తండా బాట, ఇటు ఆ ఊరి బాట, మధ్యలో సత్తుపల్లి వైపు పోయే తారు రోడ్డు. అడవిలోంచి వెదురు లారీలు, కొత్తగూడెం నుంచి బొగ్గు లారీలు ఆ రోడ్డు మీద పట్టపగ్గాల్లేకుండా పోతుంటాయి. చాందికి వాళ్ళ చిన్నాన్న రూప్లా సైకిలు ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? ఆ కూడలిలోనే ఒక కాలు పోగొట్టుకుని రెండేళ్ళుగా అరుగు మీద కూర్చున్నాడు.

"స్పీడు బ్రేకరు పడేదాకా నువ్వు సైకిలెక్కవు," అని హేమ్లి చెప్పేసింది. పడకపోతే బడే మానిపిస్తానని కూడా నోరు జారింది. చాంది ఒక పూట అన్నం తినలేదు.

కాగితం ఇచ్చింది రోడ్ల ఇంజనీరు జైరాం. కారేపల్లి దగ్గర తండావాడే, ఉద్యోగం వచ్చి నాలుగేళ్ళు. ఏప్రిల్‌లో వచ్చి టేపు పట్టి కూడలి కొలిచాడు. రెండు బ్రేకర్లకు పదహారు వేలు. బోర్డులకు నాలుగు. వీధి దీపానికి అయిదు. సున్నం వేసిన రాళ్ళకు అయిదు. మూలల్లో ముళ్ళపొదలు కొట్టి గుంటలు పూడ్చడానికి పన్నెండు. మొత్తం నలభై రెండు వేలు. కూడలి రెండు పంచాయితీలదీ కాబట్టి ఇద్దరూ కలిసి పెట్టుకోవాలి. ఇద్దరి దగ్గరా కలిపి ముప్పై ఉన్నాయి. ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో రేపు పదింటికి మండలాఫీసులో తేలాలి.

చివరి పేజీలో ఖాళీ గళ్ళున్నాయి. ప్రమాదం ఎప్పుడు, ఎవరికి, కారణం ఏమిటి.

"గా గళ్ళు నింపక్కా. తేదీ లేకపోతే పైనోళ్ళు నమ్మరు," అన్నాడు జైరాం.

తండాలో తేదీలు ఎవరు రాసుకుంటారు? రూప్లాకు ఎప్పుడు తగిలింది అంటే "తీజ్ పండుగ అయిపోయినంక" అంటారు. బర్రె ఎప్పుడు ఈనింది అంటే "మిరప నారు పోసినప్పుడు" అంటారు. హేమ్లికి తన పుట్టినరోజే తెలియదు. అందుకే చాందినీ, గోడకున్న క్యాలెండరునూ వెంటబెట్టుకుని కూడలికి బయల్దేరింది.

కూడలిలో ఉన్న ఒకే ఒక్క కొట్టు అమీనా బీది. ఆమె మొగుడు జానీ మియా అక్కడ సైకిళ్ళు బాగుచేసేవాడు. అతను పోయాక పంచర్ సామాను అమ్మేసి చాయ్ పెట్టుకుంది. వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో మాత్రం అతను ఉన్నప్పటి నుంచీ మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. ఆ కంకులు కూడలి మూల మీదున్న హీరాలాల్ చేనువే.

"రా సర్పంచమ్మా రా. ఏంది, ఇల్లు వదిలి క్యాలెండరు కూడ తెచ్చినవ్. నా కొట్టుకు కొత్త గోడ కడుతవా?" అంది అమీనా బీ.

"కడ్త గానీ, ముందు చెప్పు అమీనమ్మా. మా రూప్లాకు ఏనాడు తగిలింది?"

"అరె, గది మరుస్తనా? ఆ ఏడు తొలి కంకులు. బోణీ వాడే చేసిండు. రెండు కంకులు చేతుల పట్టుకొని సైకిలెక్కిండు. వాడొకదిక్కు, కంకులొకదిక్కు పడ్డయ్. వినాయకుని పండుగ అయినంక మూడో దినం."

చాంది క్యాలెండరు తిరగేసింది. "అది రెండేండ్ల కిందటిది కదా. దీంట్ల ఉండదు."

"పండుగ పేరు రాయి. తేదీ జైరాం చూసుకుంటడు. అమీనమ్మా, హాతీరాం ఎద్దును లారీ గుద్దింది ఎప్పుడు?"

"ఎద్దా? అదే ఏడు. అప్పటికి కంకులు ముదిరినయ్. కాలిస్తే పండ్లు ఊడుతున్నయని ఉడకబెడుతున్న. దసరా ఇంక వారం ఉంది."

చాంది రాసింది. పెన్సిలు ఆగింది. మూడోది ఎవరూ అడగలేదు. అమీనా బీయే చెప్పింది, చాయ్ గిన్నె వంక చూస్తూ.

"మా ఆయనది పోయినేడు. కంకి నిప్పుల మీదుండె. తిప్పుదామని చెయ్యి పెట్టిన, చప్పుడొచ్చింది. ఉరికిపోయి మళ్ళ వచ్చి చూసేసరికి కంకి బొగ్గయింది."

హేమ్లి కొట్టు గుంజ పట్టుకుని రోడ్డు వంక చూసింది. దుక్కి చేసిన చేను బోసిగా, ఎర్రగా ఉంది. దాని మీదుగా తారు రోడ్డు మామిడితోట దాకా కనబడుతోంది. అక్కడ చిన్న చుక్కలా ఒక లారీ. అది కూడలికి రావడానికి ఇంకా ఎంతసేపు పడుతుందో చెప్పగలిగినంత దూరంలో ఉంది.

ఆమె చాంది చేతిలోని కాగితం వంక, మళ్ళీ బోసి చేను వంక చూసింది.

"అమీనమ్మా, ఎండాకాలంల ఎప్పుడన్న అయిందా ఈడ?"

"నాకు యాదికి లేదు."

"నాట్లప్పుడు? సంక్రాంతికి?"

"లేదంటున్న గద." అమీనా బీ తలెత్తింది. హేమ్లి చూస్తున్న వైపే చూసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

లారీ వచ్చి, కొట్టు రేకులు అదిరిస్తూ పోయింది.

"నీకు ఎరుకనా అమ్మా?" అంది హేమ్లి మెల్లగా.

"పోయినేడు తట్టింది." అమీనా బీ నిప్పులు కదిపింది. "కంకులు మీవి, పొయ్యి నాది. ఎవరిని అడగాలె? మీరు కంకులియ్యకుంటే నాకు గడవదు. చాయ్ తాగు, చల్లారుతుంది."

హేమ్లి తాగలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి హీరాలాల్ విత్తనాల మూట విప్పి ఏరుతున్నాడు. మృగశిర వచ్చి రెండు రోజులు, ఒక మంచి వాన పడింది, మబ్బు కూడా ఉంది. తెల్లారి మూల మీది నుంచి మొదలుపెట్టాలి. వాళ్ళ నాయన పొదలు కొట్టి మొదట సాపు చేసిన జాగా అదే. తొలి గింజ అక్కడ పడందే మిగతా చేనులో సాలు తోలడు.

"చాంది నాయినా, ఈ ఏడు మూల మీద మక్క వద్దు," అంది హేమ్లి.

"ఎందుకు?"

చెప్పింది. రూప్లా, ఎద్దు, జానీ మియా. మూడూ చేను మనిషెత్తు పెరిగిన రోజుల్లోనే జరిగాయని చెప్పింది.

హీరాలాల్ నవ్వాడు. "మక్క ఉరికొచ్చి గుద్దిందా? తాగి తోలిన లారీవోన్ని వదిలిపెట్టి నా చేనును పట్టుకున్నవా? సర్పంచ్ అయినంక తెలివి ఎక్కువైంది నీకు."

"లారీ కనబడలే గదా వాళ్ళకు."

"హారను వినబడదా?"

"రూప్లాకు వినబడలే."

అతని చేతిలో గింజలు ఆగిపోయాయి. అరుగు మీద రూప్లా బీడీ వెలిగించుకుంటున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

"అంటే నా తమ్ముని కాలు నేనే తీసిన్నంటవ్," అన్నాడు హీరాలాల్, గొంతు తగ్గించి. మూట ముడేసి లేచిపోయాడు. ఆ పూట ఇంట్లో ఇద్దరు తినలేదు.

హేమ్లికి నిద్ర పట్టీ పట్టకుండా తెల్లారింది. లేచేసరికి ఎడ్లు లేవు, నాగలి లేదు. చద్ది కూడా తీసుకుపోలేదు. చాందికి చద్ది ఇచ్చి చేనుకు పొమ్మని చెప్పి, తను బస్సెక్కింది.

మండలాఫీసులో బెంచీ మీద హాతీరాం కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, మూడోసారి సర్పంచ్. "ఏం చెల్లె, మొగుడు రాలేదా? సంతకం ఎవరు చూపిస్తరు?" అన్నాడు.

"నీ సంతకం పక్కన పెడ్త అన్నా. చెడిపోయేది ఉంటదా?"

జైరాం నవ్వాపుకుని కాగితాలు పరిచాడు. అంకెలు చదివాడు. పన్నెండు వేలు తక్కువ.

"ఒక్క బ్రేకరు చాలు, మా ఊరి దిక్కు," అన్నాడు హాతీరాం. "లారీ నిదానంగ వస్తే ఇటైనా అటైనా నిదానమే గద."

"బ్రేకరు దాటినంక ఎవడన్న నిదానంగ పోతడా? ఎగిరి దుంకుతడు. మా దిక్కొచ్చేసరికి ఇంక జోరు మీదుంటడు."

"అయితే దీపం తీసేయి."

"దీపం నీ ఊరి బస్సు కాడనే గద అన్నా. తీస్తే నిన్నే తిడుతరు."

అలా అరగంట గడిచింది. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే హేమ్లి అరచేత్తో అదిమి పట్టింది. ఈపాటికి అతను మూల మీద ఎన్ని సాళ్ళు తోలి ఉంటాడు?

"సరే, ముందు ప్రమాదాల పేజీ చూద్దాం," అన్నాడు జైరాం. "తేదీలు వేసుకుంట. కారణం ఖాళీగ ఉంది. మూడింటికీ లారీ అతివేగం అని రాస్త."

పెన్ను కాగితం మీద ఆనింది. రాస్తే అయిపోతుంది. అతివేగం నిజమే కదా. ఎవరూ కాదనరు. చేనూ నిలబడుతుంది, ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది.

"ఆగు తమ్మీ," అంది హేమ్లి. "కారణం కింద మా చేను రాయి."

"ఏంది?"

"మూల మీది మక్కచేను. మూడుసార్లు అది ఏపుగ ఉన్నప్పుడే అయినయ్. రోడ్డు కనబడదు."

జైరాం తన కొలతల కాగితం తిప్పాడు. "ఆ మూలన అడ్డం లేదని రాసుకున్న కదక్కా."

"నువ్వొచ్చింది ఏప్రిల్ల. చేన్ల ఏమున్నది అప్పుడు? ఎండిన కొయ్యకాళ్ళు."

జైరాం ముఖం ఎర్రబడింది. ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, టేపు పట్టుకోగానే పంట సంగతి మరిచిపోయాడు.

హాతీరాం కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. ముందుకు వంగి అన్నాడు: "నా ఎద్దును చంపిండని ఆ లారీవోన్ని వాని ఏడు తరాలతోని తిట్టిన. ఇప్పుడు నిన్ను తిట్టాల్నా చెల్లె?"

"తిట్టు. తిట్టినంక రెండు బ్రేకర్లకు ఒప్పుకో. పొదలు మా తండావోళ్ళం కొడ్తం, గుంటలు మేమే పూడుస్తం. మీ పొలగాండ్లు కూడ రావాలె. ఆ పన్నెండు వేలు కొట్టేయండి. చేను మూల మేం వదులుతం."

"హీరాలాల్ ఒప్పుకున్నడా?"

హేమ్లి కాగితాన్ని అతని ముందుకు జరిపింది. హాతీరాం ఆమె ముఖం చూసి, ఇంక అడగలేదు. ఎద్దు గురించి గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు.

"ఎన్ని గజాలు వదులుతరో రాయాలె అక్కా. రాస్తే మాట ఇచ్చినట్టే," అన్నాడు జైరాం.

"సోమవారం చెప్త," అని హేమ్లి ఆ పేజీని మళ్ళీ కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి కూడలిలో అమీనా బీ చేతితో చేను వైపు చూపించింది. "హాతీరాం మోటరుసైకిలు మీద ముందే వచ్చిండు. అంతా చెప్పి పోయిండు."

హీరాలాల్ నాగలి ఆపి గట్టు మీద నిలబడి ఉన్నాడు. చాంది సైకిలు పట్టుకుని పక్కనే ఉంది. తోసుకుంటూ తెచ్చిందట, ఎక్కలేదట. మూల మీద తడి సాళ్ళు నల్లగా కనబడుతున్నాయి.

"నా చేను రాసిచ్చినవంట," అన్నాడు.

"మూల ఒక్కటే."

"ఎనిమిది సాళ్ళు పోసిన. ఎంత మూల? చెప్పు. నువ్వే చెప్పు సర్పంచమ్మా."

హేమ్లికి తెలియదు. ఆ మాటే అంది.

అతను విసురుగా విత్తనాల మూట మీద కప్పిన పాత చీర లాగాడు. ఒక కొస ఆమె చేతికిచ్చాడు. "పట్టు. ఎత్తి పట్టు. ఇదే మక్క అనుకో. చాందీ, సైకిలు మీద కూసొని బాట చివరికి పో. తారు మీదికి రాకు. మామిడితోట కనబడ్తుందో లేదో చెప్పు. మీ అమ్మ మాట ఎంత నిజమో చూద్దాం."

మూల అంచున ఇద్దరూ చీరను తలకు పైన చాచి పట్టుకున్నారు. చేతులు వెంటనే నొప్పెట్టాయి.

"కనబడ్తలేదు నాయినా!"

అయిదు సాళ్ళు వెనక్కి జరిగారు.

"కనబడ్తలేదు!"

పది దాటారు. హీరాలాల్ ఏదో అనబోయాడు. అప్పుడే వెదురు లారీ వచ్చింది. చీర అవతల చప్పుడు మాత్రమే వినిపించింది, ఎటు నుంచో తెలియలేదు. హఠాత్తుగా బాట చివర చాంది ముందు నుంచి నల్లటి గోడలాగా దూసుకుపోయింది. గాలికి చీర వాళ్ళ ముఖాలకు చుట్టుకుంది. తీసుకునేసరికి చాంది సైకిలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది, దుమ్ములో.

"నాకు కనబడలే నాయినా," అంది. "లారీ నా ముందుకు వచ్చినంకనే కనబడ్డది."

హీరాలాల్ ఆ దుమ్ము వంక చూశాడు. చీర కొస మళ్ళీ పైకెత్తాడు. "జరుగు," అన్నాడు హేమ్లితో. గొంతులో విసురు లేదు.

జరిగారు. ఇంకా జరిగారు. ఇరవై దాటాక కూడా తోట కనబడలేదు, ఆమె అనుకున్నదానికంటే ఎక్కువ చేనే పోతోంది. ఇరవై ఆరో సాలు దగ్గర చాంది చెయ్యెత్తింది. "ఇప్పుడు కనబడ్తుంది! తోట కనబడ్తుంది!"

హీరాలాల్ ముల్లుకర్రను అక్కడ నేలలో దించాడు. వెనక్కి తిరిగి మూలదాకా చూశాడు. వాళ్ళ నాయన సాపు చేసిన జాగా అంతా మక్క వేయకూడని వైపే పోయింది.

"ఇంట్ల పెసలున్నయా? పెసర చేను మోకాలెత్తు దాటదు," అన్నాడు.

"రెండు మానికెలున్నయ్."

"చాలవు. అమీనమ్మను అడుగు. వాన రాకముందే చల్లాలె." అతను వంగి, తడి సాల్లోంచి పొద్దున్న పడిన మక్కగింజలను వేళ్ళతో తవ్వి తీసి మూటలో వేయడం మొదలుపెట్టాడు. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు.

హేమ్లి కొంగు ముడి విప్పి కాగితం తీసింది. మబ్బు తోట మీదికి దిగుతోంది. చాంది పెన్సిలు నాలుక మీద తడుపుకుంది.

"గజాలల్ల ఎంత అమ్మా?"

"ఇరవై ఆరు సాళ్ళని రాయి. గజాలు జైరాం చూసుకుంటడు. రాసి జల్దీ ఇంటికి పో, పెసలు తేవాలె."

చాంది రాసింది. సైకిలెక్కబోయి, దిగి, తల్లి వంక చూసింది.

"తోసుకొని పో," అంది హేమ్లి. "ఇంకా బ్రేకరు పడలే."