అలసంద సాళ్ళలో నల్ల పురుగులు

ఊరికే వచ్చిన విత్తనాన్ని గురప్ప నమ్మలేదు. పక్క తోట ఢిల్లీబాబు కార్తీకం వానలప్పుడు మూటెడు అలసందలు తెచ్చి, "మామిడి చెట్ల నడుమ చల్లుకోన్నా, తేనెమంచు పురుగు తగ్గుతాది" అన్నాడు. నిరుడు ఆ పురుగు పూతంతా మాడ్చేసినప్పుడు తోటను గుత్తకు అడిగినవాడూ ఈ ఢిల్లీబాబే. ఈ ఏడూ కాపు పోతే ఇవ్వక తప్పదు. అలాంటివాడికి తన మేలు ఎందుకు?

భార్య పంకజాక్షి మాత్రం మొగుడి అనుమానాలు చెవిన పెట్టకుండా చల్లేసింది.

మామిడి విరగబూసింది. కింద అలసందలకు పేనుబంక పట్టింది. గురప్ప రోజూ వంగి, దొంగసొత్తు వెతికే పోలీసులా ఆకులు తిరగేసేవాడు. ఒకరోజు దొరకనే దొరికాయి. నల్లగా, ఒంటినిండా ముళ్ళతో చకచకా పాకే పురుగులు. పుట్టి బుద్ధెరిగాక అలాంటివి చూడలేదు. నాలుగు అప్పటికే మామిడి మొదలెక్కుతున్నాయి.

"నా తోటలోనే పురుగుల్ని మేపుతా ఉండాడే!" ఒళ్ళు మండిపోయింది.

పంకజాక్షి పలమనేరు సంతకు వెళ్ళిన పూట మందు డబ్బా వీపుకు తగిలించుకుని సాళ్ళు తడుపుకుంటూ పోయాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం కూడా దువ్వుకున్నాడు. గట్టు వార చెట్టు దగ్గరికి వచ్చేసరికి డబ్బా ఖాళీ అయింది.

పదో రోజుకు పూత జిగటగా మెరిసింది. చెట్ల కింద నడుస్తుంటే తేనెమంచు పురుగులు చిటపటా మొహానికి తగిలాయి. గట్టు వార చెట్టొక్కటే శుభ్రంగా ఉంది. దాని కింద, మందు తగలని అలసంద ఆకుకు, ఒక నల్ల పురుగు ముడుచుకుని అంటుకుని ఉంది. గురప్ప గోటితో గిల్లబోయాడు. అంతలో దాని వీపు చిట్లింది. లోపలి నుంచి పసుపుపచ్చటి పురుగు బయటికొచ్చింది. కదలకుండా కూర్చుని చూశాడు. మెల్లగా ఎరుపెక్కింది, వీపున చుక్కలు తేలాయి.

అక్షింతల పురుగు! చిన్నప్పుడు అరచేతిలో పాకించుకున్నదే. పేనుబంకనూ తేనెమంచు పురుగునూ తిని బతికేది. తను చంపినవన్నీ దీని పిల్లలే.

చాలా రోజులకు తోటకొచ్చిన పంకజాక్షి వెనక నుంచి కేకేసింది. "సూసినావా? అలసందాకుల మీదంతా మందు మరకలే! ఆ ఢిల్లీబాబే కొట్టుంటాడు. వానికి మన తోట మీద కన్నుండాదని నువ్వు అంటానే ఉంటివి."

అప్పుడే ఢిల్లీబాబు గంపతో గట్టు దిగాడు. గురప్ప ఊ అంటే సరిపోయేది.

"కొట్టింది నేనే" అన్నాడు, నేల చూస్తూ.

ఢిల్లీబాబు గంప కింద పెట్టాడు. నిండా అలసంద తీగలు, వాటి మీద నల్ల పురుగులు.

"ఆ పొద్దే మందు వాసన మా తోట దాకా వచ్చిందిలే అన్నా. పది దినాలైంది గదా, ఘాటు పోయుంటాది. ఇవి చెట్లకు కట్టు. ఎండెక్కితే చస్తాయి."

గురప్ప గంప ముందు కూర్చుని ఒక్కో తీగే తీశాడు. అలవాటు కొద్దీ ఆకులు తిరగేశాడు. ఈసారి, ఒక్క పురుగైనా కింద రాలిపోతుందేమోనని భయం.