అంతా పచ్చగానే ఉంది

చిట్టీ అని పిలిపించుకునే వయసు ఎప్పుడో దాటిపోయినా అక్క మాత్రం ఆ పేరు వదల్లేదు. అక్క వదలకపోయేసరికి బావా వదల్లేదు, బావ నోట విని ఆఫీసంతా ఆవిణ్ణి చిట్టిగారనే పిలవడం మొదలెట్టింది.

ఇళ్లకు నర్సులను పంపే కంపెనీ అది. కట్టు మార్చాలన్నా, ఇంజెక్షన్ వేయాలన్నా, మంచం పట్టిన మనిషికి ఒళ్లు తుడిచి పక్కబట్టలు మార్చాలన్నా యాప్‌లో నొక్కితే చాలు, మనిషి వస్తుంది. చిట్టి ఏళ్ల తరబడి కింది అంతస్తులో ఫోన్ల దగ్గర పనిచేసింది. అవతలివాళ్లు ఎంత ఎగిరిపడినా చల్లబరచి ఫోన్ పెట్టించగలదని పేరు. ఫోన్ల విభాగాన్ని కుదించినప్పుడు అందరితో పాటు తననూ పంపించేసేవాళ్లే, బావ అడ్డుపడ్డాడు. పై అంతస్తులో యాప్‌ను కనిపెట్టుకుని ఉండే గదికి ఆయనే పెద్ద. "మా మరదలు చురుకు. ఇట్టే అల్లుకుపోతుంది. పూచీ నాది," అని పైవాళ్లకు చెప్పి తన గదిలో కుర్చీ వేయించాడు.

ఆ పూచీయే చిట్టి మెడకు చుట్టుకుంది.

ఆ గదికి కిటికీలున్నాయి గానీ తెరుచుకోవు. మనిషి వణికినా సరే యంత్రాలు చల్లగా ఉండాలన్నట్టు ఏసీ ఆగకుండా తిరుగుతుంది. తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. కొత్తవాళ్లకిచ్చే తాత్కాలిక కార్డు లోపలికి రానిస్తుందే తప్ప బయటికి పోనివ్వదు. బాత్రూంకి వెళ్లాలన్నా పక్క సీటాయన భుజం తట్టి "కాస్త తలుపు తీస్తారా" అని అడగాలి. ఆ పక్క సీటాయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీయగా చూసినవాళ్లు లేరు. అందుకని అందరూ ఆయన్ని హెడ్‌ఫోన్ మాస్టారంటారు. భుజం మూడోసారి తడితే గానీ తల తిప్పడు. చిట్టి నీళ్లు తాగడం తగ్గించేసింది.

ఎదురుగా గోడంత తెర. యాప్ ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల మీద నడుస్తుంది. అక్కడ ఏ యంత్రం ఎంత ఆయాసపడుతోందో, ఏ రోగి పెట్టుకున్న విజ్ఞప్తి ఎక్కడ చిక్కుకుందో అంతా ఆ తెర మీద గీతలుగా, గళ్లుగా కనబడుతుంది. బాగుంటే పచ్చ. తేడా వస్తే ఎరుపు, దానితో పాటు గంట మోత. చెప్పుకుంటే ఇంతే. కానీ ఒక గడి మీద నొక్కితే అందులోంచి పది గళ్లు, వాటిలో ఒకటి నొక్కితే నిండా అంకెలు. వెనక్కి బాణం నొక్కితే వచ్చిన చోటికి పోక, ఎప్పుడూ చూడని ఇంకో పేజీకి లాక్కుపోయేది. తన సొంత ఇంట్లో కరెంటు పోయి గోడలు తడుముకుంటున్నట్టుండేది చిట్టికి. దారి తెలియక మొత్తం మూసేసి, మళ్లీ లాగిన్ అయ్యేది.

బావను అడగకపోలేదు. మొదటిసారి, "అటూ ఇటూ నొక్కి చూడు, అదే వస్తుంది," అన్నాడు. రెండోసారి అడిగితే తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "అందరి ముందూ ఇలా అడక్కు. నిన్ను తెచ్చుకున్నందుకు నన్నంటారు," అన్నాడు. ఇంటికెళితే అక్క ఫోను. "ఏమే, మీ బావ నీ గురించి ఎంత గొప్పగా చెబుతున్నారో తెలుసా?" ఆ మాట విన్నాక నోరెలా పెగులుతుంది?

ఒకరోజు పొద్దున్నే గంట మోగడం మొదలైంది. ఎవరూ వాడని, ప్రయోగాల కోసం పక్కన పెట్టిన యంత్రమేదో ఊరికే గోల పెడుతోంది. హెడ్‌ఫోన్ మాస్టారు కూడా విసుక్కుని, "మేడం, దాన్ని మ్యూట్ చేసి పారెయ్యండి," అన్నాడు. ఎలా అని అడగబోయి, అందరూ తనవైపే చూస్తుంటే ఊరుకుంది. వెతగ్గా వెతగ్గా మ్యూట్ చేసే పేజీ దొరికింది. "దేనికి?" అని ఒక ఖాళీ గడి ఉంది. ఆ యంత్రం దగ్గర్నుంచే కదా వచ్చాను, దానికే తెలుస్తుందిలే అనుకుని గడి ఖాళీగా వదిలి నొక్కింది.

గంట ఆగిపోయింది. గోడంతా పచ్చబడింది.

"బతికించారు," అన్నారెవరో. బావ తన అద్దాల గదిలోంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ గదిలో అడుగుపెట్టాక చిట్టి గుండెల నిండా గాలి పీల్చుకున్నది అప్పుడే.

మధ్యాహ్నానికి అక్క ఫోన్ చేసింది. "చిట్టీ, మీ బావ ఫోనెత్తరు. మామగారి కాలికి పొద్దున్నే కట్టు మార్చాలి. యాప్‌లో చూస్తే 'నర్సు బయలుదేరుతోంది' అని అప్పటినుంచీ ఒకటే మాట. ఎక్కడ బయలుదేరుతోందే? కట్టంతా తడిసిపోయింది. ఆయనేమో కాలు కదిపితే ప్రాణం పోతున్నట్టు మూలుగుతున్నారు."

"కనుక్కుంటానక్కా," అని ఫోన్ పెట్టేసి తెర వైపు చూసింది. అంతా పచ్చగానే ఉంది.

ఆ పచ్చదనమే ఆవిణ్ణి భయపెట్టింది. రోజూ ఏ మూలో ఒకటి రెండు ఎర్రచుక్కలు వెలిగి ఆరుతూనే ఉంటాయి. ఇవాళ ఒక్కటీ లేదేం? ఖాళీగా వదిలేసిన గడి కళ్ల ముందు మెదిలింది. ఖాళీ అంటే ఏదీ కాదని కాకుండా, అన్నీ అని అర్థమైతే?

మ్యూట్ చేసిన పేజీకి వెళ్లి తీసేద్దామనుకుంది. ఆ పేజీ మళ్లీ దొరికింది గానీ అందులో కొత్తగా మ్యూట్ చేయడమే ఉంది, చేసినదాన్ని తీసే దారి లేదు. అలర్టుల పేజీకి వెళ్లింది. మ్యూట్ అయినవి అక్కడ కనబడవు. వెనక్కి బాణం. ఇంకేదో పేజీ. మళ్లీ బాణం. ఎవరినైనా అడిగితే క్షణంలో తేలిపోతుంది, కానీ అడగడమంటే బావ పరువు నడివీధిలో పెట్టడమే. అడగకపోతే బావ కన్నతండ్రే అక్కడ మూలుగుతున్నాడు. ఆయనలాంటివాళ్లు ఇంకెందరో. 

చివరికి లేచి నిలబడింది. "సార్," అంది బావ అద్దాల గది వైపు తిరిగి, గట్టిగా. గదంతా తిరిగి చూసింది. "పొద్దున నేను ఒక్క గంట ఆపబోయి అన్నీ ఆపేశాను. తీయడం నాకు రావట్లేదు. నర్సులు వెళ్లట్లేదు."

బావ గబగబా వచ్చి, "జరుగు," అని ఆవిడ కుర్చీలో కూర్చుని మౌస్ అందుకున్నాడు. చిట్టి వెనక నిలబడింది. ఆయన అలర్టుల పేజీకి వెళ్లాడు. వెనక్కి బాణం నొక్కాడు. ఏదో పేజీ వచ్చింది. మళ్లీ బాణం. అచ్చం తను తిరిగిన చోట్లే ఆయనా తిరుగుతున్నాడు. ఆయన చెవులు ఎర్రబడడం చూశాక చిట్టికి అర్థమైంది. బావకూ రాదు. ఎన్నడూ రాలేదు. ఎవరో ఒకరిచేత చేయించుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

"జరగండి, బావగారూ," అంది. ఆఫీసులో ఆ పిలుపు జారిపోయిందన్న ఊహ కూడా రాలేదు.

పోయినవారం దారి తప్పి తిరుగుతూ ఒక పేజీలో పడింది. సెట్టింగుల కింద, ఎవరూ చూడని మూలన, బూడిదరంగు అక్షరాలతో. అప్పుడదేమిటో తెలియక భయపడి మూసేసింది. ఇప్పుడు వెనక్కి బాణం జోలికి పోకుండా, పై వరసలో ఉన్న మొదటి పేజీ పేరు నొక్కి, అక్కణ్ణుంచి కిందికి దిగి అక్కడికే చేరింది. తను చేసిన మ్యూట్ ఒకే ఒక్క వరసగా కనబడింది. తీసేసింది.

గోడ ఒక్కసారిగా ఎర్రబడింది. గంటలన్నీ కలిసి మోగాయి. హెడ్‌ఫోన్ మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. రోగుల విజ్ఞప్తులను నర్సుల ఫోన్లకు అందించే భాగం పొద్దున్నే స్తంభించిపోయిందనీ, మోగాల్సిన గంట మ్యూట్ వల్ల మోగలేదనీ అప్పుడు తెలిసింది. ఇంజనీర్లు దాన్ని మళ్లీ నడిపించేలోగా, చిట్టి ఫోన్ అందుకుని ఆగిపోయిన ఇళ్లన్నిటికీ తనే మాట్లాడింది. తిట్టారు. ఏడ్చారు. అక్క మామగారి కట్టు సాయంత్రానికి మార్చారు. ఒకావిడకు మాత్రం ఇంజెక్షన్ అందక స్పృహ తప్పితే ఆసుపత్రిలో చేర్చారు. ఆవిడ కోలుకుని ఇంటికి వచ్చిందని తెలిసేదాకా చిట్టికి ముద్ద దిగలేదు.

విచారణలో పైవాళ్లు అడిగారు. బావ బల్ల వైపు చూస్తూ, "నేను అన్నీ నేర్పించాను. ఆవిడే తొందరపడింది," అన్నాడు. అసలు మాట చిట్టి నోటిదాకా వచ్చింది. అక్క ముఖం గుర్తొచ్చింది. ఆ ఇంట్లో రేపటి నుంచి అక్క తల ఎలా ఎత్తుకుంటుంది? "పొరపాటు నాదే," అంది. తీసేస్తారనుకుంది, తీసేస్తే బాగుండునని కూడా అనుకుంది. హెచ్చరించి వదిలేశారు. ఆ మూలల పేజీలు తెలిసిన మనిషి ఆవిడేనని, ఇకనుంచి మ్యూట్లన్నీ ఆవిడే చూడాలన్నారు. కింది అంతస్తుకు పంపమని అడిగితే, "నువ్వు పోతే ఇదంతా ఎవరు చూస్తారు?" అన్నాడు బావ.

కొన్నాళ్లు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకరోజు అందరూ భోజనానికి వెళ్లాక బావ మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. "చిట్టీ, ఆ నెమ్మదిగా నడిచే యంత్రాల లెక్క ఎక్కడుంటుందో ఒకసారి చూసిపెట్టు. పైవాళ్లు అడుగుతున్నారు."

"చూసిపెట్టను. కూర్చోండి, నేర్పిస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీకు వచ్చేదాకా నాకు ఈ గదిలోంచి విడుదల లేదు. ఆరోజు మీకోసం అబద్ధం ఆడాను. మళ్లీ ఆడలేను."

బావ ఒకసారి తలుపు వైపు చూశాడు. వాళ్ల నాన్నగారి కాలు ఎలా ఉందని చిట్టి అడిగింది. "మానుతోంది," అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ మౌస్ ఆయన వైపు జరిపింది.

"అక్క దగ్గర అనకు," అన్నాడు.

"అనను. నొక్కండి."

నొక్కాడు. ఏదో పేజీ వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి బాణం మీదికే పోయింది.

"అది కాదు బావగారూ," అంది చిట్టి. ఆకలికి కడుపులో పేగులు అరుస్తున్నాయి. "పైన పేరుంది చూడండి. దాన్ని నొక్కండి."