మహాసభల ఫ్లెక్సీ బతుకు

నేను ఒక ఫ్లెక్సీని. సంఘపెద్ద జకరయ్యగారి మీసం మీద కోడిపుంజు ఎక్కి కూసిందని మా పేటంతా చెప్పుకున్నారే, ఆ మీసం నా మీదిదే. మాట పుట్టించింది పక్కింటి ఎస్తేరమ్మ. తను కళ్ళారా చూడలేదట, పాలు పోసే ఆవిడ చెప్పిందట. ఆవిడేమో ఎస్తేరమ్మే తనకు చెప్పిందంటుంది. ఎవరు చూసినా చూడకపోయినా పుంజు ఎక్కిన మాట నిజం. కోడి కూసేలోపే పేతురు తన ప్రభువును ఎరగనని ముమ్మారు బొంకిన సంగతి సండేస్కూలు పిల్లలతో సహా తెలిసిన పేట కాబట్టి ఆ నవ్వు ఒక పట్టాన ఆగలేదు.

అసలు నా పుట్టుకే రగడతో మొదలైంది. రేపల్లెలో ఫ్లెక్సీల షాపు. వచ్చే నెల జరగబోయే ఉజ్జీవ మహాసభల కోసం పాస్టరుగారు దగ్గరుండి నన్ను తయారు చేయిస్తున్నారు. నడిమధ్యన హైదరాబాదు నుంచి రానున్న ప్రసంగీకులు, చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి. ఆ కింద పాస్టరుగారు, అమ్మగారు. అట్టడుగున బొట్టుబిళ్ళలంతేసి గుండ్రాల్లో సంఘపెద్దలు. ఇంకాసేపట్లో మిషనెక్కుతాననగా జకరయ్యగారు ఊడిపడ్డారు. కంప్యూటర్లో తన గుండ్రాన్ని వెతుక్కోవడానికే ఆయనకు కళ్ళజోడు కావలసి వచ్చింది.

"ప్రేమవిందుకు బియ్యం నాయి. మొహం మాత్రం బఠాణీ గింజంతా?" అన్నారు.

పాస్టరుగారు మొహం పెంచమని షాపువాడికి సైగ చేశారు. బియ్యం అలాంటివి. జకరయ్యగారి మొహం పెరిగి పెరిగి ప్రసంగీకుల మొహమంత అయింది. చోటు ఎక్కడిదంటారా? పరిశుద్ధాత్మకు గుర్తుగా వేసిన పావురాన్ని మూలకు నెట్టారు. పాపం, దాని రెక్క ఒకటి నాలో పట్టక బయటే ఉండిపోయింది.

నన్ను పేట సెంటర్లో కట్టారు. 'రండి, దీవెనలు పొందండి' అని ఎర్రటి అక్షరాలు నా రొమ్ము నిండా ఉన్నాయి. ఒక్కడూ వాటి వంక చూడలేదు. వచ్చినవాడు వచ్చినట్టే వంగి 'ప్రేమవిందు కలదు' అన్న చివరి వరుస చదువుకుని, తృప్తిగా తలాడించి పోయేవాడు.

సభలు బాగానే జరిగాయి. ఆఖరి రోజు నన్ను వేదిక వెనక కట్టారు. జకరయ్యగారు మైకు పట్టుకుని, "ప్రభువా, నన్ను తగ్గించు! నన్ను కనపడకుండా చెయ్యి!" అని భోరున ఏడ్చారు. ఆయన వెనకాలే ఆయన మొహం చాటంత వెడల్పున నవ్వుతూ నిలబడి ఉంది. నేనేం చెయ్యను, ముద్రించింది చెరుపుకోలేను గదా.

మా పేటలో ఒక ఆచారముంది. సభలు ముగిశాక ఫ్లెక్సీని ఇల్లు కారేవాళ్ళకు ఇస్తారు. ఈసారి నేను సువార్తమ్మకు వచ్చాను. మొగుడు పోయిన మనిషి. కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. కూతురు రూతు ఆసుపత్రిలో కని, పసిబిడ్డతో ఇంటికి రాబోతోంది. తాటాకు ఇల్లు. సరిగ్గా ఉయ్యాల కట్టే దూలం మీదే ఆకు కుళ్ళిపోయి ఆకాశం కనపడుతోంది. తొలకరి రేపో మాపో అన్నట్టుంది. పాత చీరపేలికలతో నన్ను కప్పు మీద బిగించి కట్టి, కిందికి దిగి, పైకి చూసి "స్తోత్రం" అందామె. సెంటర్లో నిలబడ్డన్నాళ్ళూ నా వంక చూసి ఆ మాట ఎవరూ అనలేదు.

అప్పుడెక్కింది ఆ పుంజు.

సాయంత్రానికల్లా జకరయ్యగారు కొడవలీ నిచ్చెనా పట్టుకుని వచ్చారు.

"నా పరువు నీ ఇంటి కప్పు మీద ఆరేశావేందే సువార్తమ్మా?"

"బిడ్డ వస్తంది అన్నయ్యా. వాన కోసం కట్టుకున్నా. కావాలంటే తిరగేసి కడతా, మీ మొహం ఎవరికీ అవపడదు."

"తిరగేస్తే నీ ఇంట్లోకి చూస్తది గదంటే! బాలింత పడుకునే చోట సంఘపెద్ద మొహమా? బుద్ధుండాలి!"

"పోనీ మొహానికి కాస్త సున్నం పుయ్యనా?"

ఆ సలహా అసలుకే మోసం తెచ్చింది. ఆయన నిచ్చెనెక్కి, సరిగ్గా దూలం మీదికి వచ్చిన తన మొహం మట్టుకు గుండ్రంగా కోసుకుని, చాపలా చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. దాన్నిప్పుడు తన వసారాలో గోడకు కొట్టుకున్నారట. బఠాణీ గింజంత మొహమే అయితే సువార్తమ్మ ఏ గుడ్డముక్కతోనో కుట్టుకునేది. చాటంత బొక్కకు ఏం కుడుతుంది? యూరియా సంచి కప్పింది. గాలికి అది లేచిపోయింది. చేసేది లేక దూలం మీది ఉయ్యాల విప్పి గోడవారకు మార్చుకుంది.

బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన నాడే వాన దంచింది. ఆడవాళ్ళు చాపల మీద సర్దుకు కూర్చున్నారు. సంఘపెద్ద వస్తున్నాడని ఎస్తేరమ్మ ఇంటి నుంచి కుర్చీ తెచ్చి, ఉయ్యాల తీసేసిన జాగా ఖాళీగా ఉంటే అక్కడ వేశారు. జకరయ్యగారు దర్జాగా కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకున్నారో లేదో, బట్టతల మీద టప్పున ఒక చుక్క. జరిగి కూర్చుంటే ఇంకో చుక్క, ఈసారి మీసం మీద. చివరికి ధారే మొదలైంది. బిడ్డ మీద మటుకు తడి లేదు. గోడవారన నేనింకా మిగిలే ఉన్నాను.

జకరయ్యగారు కండువాతో తల తుడుచుకుంటూ పైకి చూశారు.

"ఇల్లంతా బానే ఉందిగా, ఇక్కడొక్కచోటే కారుద్దేందమ్మా?"

సువార్తమ్మ ఆయన కాళ్ళ దగ్గర సత్తు గిన్నె పెట్టి, తల ఎత్తకుండానే అంది.

"అక్కడ మీరుండేవాళ్ళు అన్నయ్యా."